ఔత్సాహిక వేదికయు సామాన్య వేదికయు: డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వేగసాధన

కంప్యూటరును గూర్చి మాటలాడునపుడు ప్రాసెసరు పేరు చెప్పి ఊరకుండుట లోకమున వాడుక. కాని ఆ ప్రాసెసరు కూర్చుండు సాకెట్టు, సాకెట్టును మోయు మదర్‌బోర్డు, బోర్డుపై నుండు చిప్‌సెట్టు, దానికి చెల్లు మెమరీ రకము, గ్రాఫిక్స్ కార్డులకును డిస్కులకును పోవు మార్గములు, ఇవియన్నియు ఒకదానికొకటి కట్టుబడినవి. ఒకదానిని మార్చదలచినవాడు తరచుగా తక్కినవానిని గూడ మార్చవలసి వచ్చును. ఈ సముదాయమునకే వేదిక యని పేరు. గడచిన రెండు దశాబ్దులలో ఇంటెల్, ఏఎమ్‌డి సంస్థలు స్వంత వినియోగపు కంప్యూటర్లకై పలుమారులు ఒకే కాలమున రెండేసి వేదికలను నడిపినవి: ఒకటి గృహస్థునకును కార్యాలయమునకును ఉద్దేశింపబడిన సామాన్య వేదిక, రెండవది అధికవ్యయమునకు వెనుదీయని ఔత్సాహికునికై నిర్మింపబడినది. వెలను బట్టి చూచిన రెండవది అన్నివిధముల మొదటిదానికంటె వేగవంతమై యుండవలెనని తోచును. చరిత్ర అట్లు చెప్పదు. ఔత్సాహిక వేదిక సొత్తు వైశాల్యము. అనగా ఎక్కువ కోర్లు, ఎక్కువ మెమరీ ఛానెళ్లు, ఎక్కువ పిసిఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు. ఒక్కొక్క కోరు పరుగెత్తు వేగమునందును, రూపాయికి దొరకు ఓవర్‌క్లాకింగునందును, ఒకటి రెండు ఘట్టములు దప్ప, సామాన్య వేదికయే ముందుండినది. ఈ రెండు గుణములను వేరుచేసి చూడకపోవుటచేతనే కొనుగోలుదారులు అనేకులు తమకు అక్కరలేని వైశాల్యమునకు మూల్యము చెల్లించిరి.

ఓవర్‌క్లాకింగు స్వరూపము

ప్రాసెసరు గడియారవేగము రెండు సంఖ్యల లబ్ధము. బోర్డుపై పుట్టు ఆధార గడియారము ఒకటి. దానిని ప్రాసెసరు లోపల హెచ్చవేయు గుణకము రెండవది. ఆధారము 133 మెగాహెర్ట్‌జులును, గుణకము 20యు నైనచో వేగము 2.66 గిగాహెర్ట్‌జులగును. ఈ రెండింటిలో దేనిని పెంచినను వేగము పెరుగును. నిర్మాత నిర్ణయించిన హద్దును దాటి ఇట్లు పెంచుటయే ఓవర్‌క్లాకింగు. ఇది సాధ్యమగుటకు కారణము సిలికాన్ ఉత్పత్తి విధానముననే కలదు. ఒకే పలకనుండి కోసిన చిప్పులన్నియు సమానముగా నుండవు. నిర్మాత వానిని పరీక్షించి, వానిలో బలహీనమైన చిప్పు సైతము గాలియాడని పెట్టెలో, నాసిరకపు విద్యుత్ సరఫరాతో, ఏండ్లతరబడి తప్పులేక పనిచేయునట్లుగా వేగమును నిర్ణయించును. అంతేగాక, పై శ్రేణికి తగిన చిప్పులు సమృద్ధిగా తయారైనపుడు గిరాకి ననుసరించి వానినే క్రింది శ్రేణి పేరుతో అమ్ముటయు కలదు. ఈ మిగులే ఔత్సాహికుని మూలధనము.

మిగులు ఉచితముగా రాదు. చిప్పు వినియోగించు చలన విద్యుత్తు గడియారవేగమునకును, వోల్టేజి యొక్క వర్గమునకును అనులోమముగా పెరుగును. వేగము నూటికి 20 పాళ్లు పెంచి, అందులకై వోల్టేజిని 10 పాళ్లు పెంచినచో, 1.2ను 1.1 వర్గముతో గుణింపగా విద్యుద్వ్యయము నూటికి 45 పాళ్లు అధికమగును. ఆ విద్యుత్తంతయు వేడిమియై వెలువడును. గాలితోగాని నీటితోగాని చల్లబరచు పరికరమేదియు చిప్పును గదిగాలికంటె చల్లగా చేయజాలదు. గదికిని చిప్పునకును నడుమ నుండు అంతరమును తగ్గించుటయే దాని శక్తి. కావున శీతల దేశమున 22 డిగ్రీల పరీక్షాగదిలో 75 డిగ్రీలు చూపిన చిప్పు, రామగుండమునందో రెంటచింతలయందో వేసవి మధ్యాహ్నమున 40 డిగ్రీల గదిలో అదే పనికి 93 డిగ్రీలకు చేరును. విదేశములనుండి వచ్చు సమీక్షలను చదివి అందలి సంఖ్యలనే తమ యింట ఆశించువారు ఈ 18 డిగ్రీల తేడాను ముందుగా కలుపుకొనవలెను. మంచుపెట్టె విధానములతో గదికంటె చల్లగా చేయబూనినచో మరియొక చిక్కు గలదు: తేమ నిండిన గాలియందు చల్లని లోహముపై నీరు పట్టును, ఆ నీరు బోర్డును చెరచును, విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో ఈ భయము మరింత హెచ్చు. పందెములకై ద్రవ నైట్రోజనును, ద్రవ హీలియమును వాడువారు బోర్డు నంతటిని తడి చేరని పూతలతో కప్పుదురు. 2011లో ఏఎమ్‌డి వారి ఎఫ్ఎక్స్-8150 ప్రాసెసరు ద్రవ హీలియము సాయమున 8.429 గిగాహెర్ట్‌జులకు చేరి గిన్నిస్ గ్రంథమున కెక్కినది. అది కొలది క్షణములపాటు, చాలవరకు కోర్లను నిద్రపుచ్చి సాధించిన వేగము గనుక నిత్యవినియోగమునకు ప్రమాణము కానేరదు. నిత్యవినియోగమునకు ప్రమాణము వేరు. మెర్సెన్ ప్రధానసంఖ్యలను అన్వేషించుటకై పుట్టిన ప్రైమ్95 వంటి గణనభారమును గంటలతరబడి మోసి, ఒక్క తప్పైనను చేయకుండుటయే ఆ ప్రమాణము. ఎంత వేగమైనను తప్పులెక్క చేసినచో అది వేగము కాదు.

విభజనకు పూర్వము

వేదికలు రెండుగా చీలకముందు ఓవర్‌క్లాకింగు అల్పమూల్యపు చిప్పుల విద్యయై యుండెను. 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ దీనికి శాశ్వతమైన ఉదాహరణము. దాని ఆధార గడియారము 66 మెగాహెర్ట్‌జులు, గుణకము 4.5, ఆధారమును 100కు మార్చినంతనే వేగము 450 మెగాహెర్ట్‌జులై, నాటి అత్యున్నత పెంటియమ్ 2తో సమానమగుచుండెను. ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది, ఈ సెలెరాన్‌లోని 128 కిలోబైట్ల కాష్ చిప్పులోపలనే యుండి కోరు వేగముననే నడచెడిది. పెంటియమ్ 2లోని 512 కిలోబైట్ల కాష్ వెలుపల నుండి సగము వేగమున నడచెడిది. రెండవది, 100 మెగాహెర్ట్‌జులు బోర్డునకు పరాయి సంఖ్య కాదు. అప్పటి 440బిఎక్స్ చిప్‌సెట్టు ఆ వేగమునకే నిర్మింపబడినది. అచట పిసిఐ విభాజకము సగమునుండి మూడవవంతునకు మారి, పిసిఐ కార్డులన్నియు తమ యథాప్రకారపు 33 మెగాహెర్ట్‌జులనే పొందుచుండెను. ఓవర్‌క్లాకింగున విజయము ఒక్క చిప్పు గుణమును బట్టి గాక వేదిక యెంత చక్కగా అమరినదను దానిని బట్టి యుండునని ఆనాడే తేలినది. ఎబిట్ సంస్థవారి బిహెచ్6 బోర్డు ఈ మార్పులను జంపర్ల బెడద లేకుండ బయోస్ తెరమీదనే చేయనిచ్చుటచే విశేషమైన కీర్తి గాంచెను.

చీలిక మొదట కనబడినది 2003 సెప్టెంబరు 23న. ఆనాడు ఏఎమ్‌డి అథ్లాన్ 64ను ఒక మెమరీ ఛానెల్ గల సాకెట్టు 754పైనను, అథ్లాన్ 64 ఎఫ్ఎక్స్-51ను రెండు ఛానెళ్లు గల సాకెట్టు 940పైనను ఒకేసారి ప్రకటించెను. రెండవది నిజమునకు ఆప్టెరాన్ సర్వరు చిప్పు. సర్వరులవలెనే దానికి రిజిస్టర్డు మెమరీ కావలసివచ్చెను. గుణకము తాళము లేక విడువబడియుండుట దాని ప్రధానాకర్షణము. అదేకాలమున ఇంటెల్ సైతము సర్వరు చిప్పు నొకదానిని పెంటియమ్ 4 ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్ అను పేరుతో గృహవిపణికి తెచ్చెను. సర్వరునకై పుట్టిన దానిని ఔత్సాహికునికి వేషము మార్చి యిచ్చు ఈ పద్ధతి అప్పటినుండి నేటివరకును తప్పలేదు. మరుసటి యేట సాకెట్టు 939 వచ్చి ఆ చీలికను పూడ్చినది. ఆ పిమ్మట ఇంటెల్ వారి ఎల్‌జిఎ775 ఏలుబడిలో దరిద్రుని పెంటియమును, ధనికుని కోర్ 2 ఎక్స్‌ట్రీమును ఒకే సాకెట్టున కూర్చుండినవి. కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసరును 266 నుండి 333 మెగాహెర్ట్‌జుల బస్సునకు మార్చి, 9 అను గుణకముతో 2.4 నుండి 3.0 గిగాహెర్ట్‌జులకు చేర్చుట బయోస్ తెలిసిన ప్రతి విద్యార్థికిని సులభమైన పని యయ్యెను.

నెహాలెమ్ కాలము: 1366, 1156 సాకెట్లు

రెండు వేదికలను పక్కపక్క నుంచి తూచుటకు 2008-2010 నడిమి కాలముకంటె అనుకూలమైనది లేదు. ఏలయన అప్పుడు రెండింటను నెహాలెమ్ అను ఒకే కోరు నిర్మాణము, ఒకే 45 నానోమీటరుల ఉత్పత్తివిధానము, నాలుగేసి కోర్లు ఉండెను. భేదమంతయు వేదికలదే.

2008 నవంబరులో ఇంటెల్ కోర్ ఐ7 ప్రాసెసర్లను ఎల్‌జిఎ1366 సాకెట్టుపై, ఎక్స్58 చిప్‌సెట్టుతో విడుదల చేసినది. మెమరీ నియంత్రణము చిప్‌సెట్టునుండి ప్రాసెసరులోనికి వచ్చెను. ప్రాసెసరును చిప్‌సెట్టుతో కలుపు ముందటి బస్సు పోయి, క్యూపిఐ అను క్రొత్త సంధానము ఏర్పడెను. డిడిఆర్3 మెమరీకి మూడు ఛానెళ్లు గలిగెను. ఎక్స్58 చిప్పునుండి గ్రాఫిక్స్ మొదలగువానికి 36 పిసిఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు వెలువడెను. ఎన్‌విడియా సంస్థ అంతవరకు తన చిప్‌సెట్లకే పరిమితము చేసికొనిన ఎస్ఎల్ఐ జంటకార్డుల విధానమునకు ఈ బోర్డులపై అనుమతి యిచ్చుటచే, ఒకే బోర్డుపై ఏ సంస్థ కార్డులనైనను జంటగా నడుపు వీలు కలిగినది. శ్రేణికి శిరస్సు 999 డాలర్ల కోర్ ఐ7-965, గుణకము విడువబడినది. కాని ఆ తరమునకు కీర్తి తెచ్చినది శిరస్సు కాదు, పాదము: 284 డాలర్ల కోర్ ఐ7-920.

ఈ 920కి గుణకము 20, ఆధారము 133. ఆధారమును 200కు పెంచినచో 4.0 గిగాహెర్ట్‌జులు. చెప్పుటకు ఇంత సులభమైనదైనను చేయుటకు ఓర్పు కావలసినది. ఏలయన ఆ ఆధార గడియారమునుండియే కోర్ల వేగము, కోర్లకు వెలుపల నుండు ఎల్3 కాష్ మండలపు వేగము, మెమరీ వేగము, క్యూపిఐ వేగము అను నాలుగును వేర్వేరు గుణకములతో పుట్టుచుండెను. ఆధారమును కదలించిన నాలుగును కదలును. కాష్ మండలము మెమరీ వేగమునకు కనీసము రెండింతలుగా నుండవలెనను నియమము ఒకటి. మెమరీ వోల్టేజి 1.65ను మించరాదనియు, దానికిని ప్రాసెసరులోని మెమరీ నియంత్రణపు వోల్టేజికిని 0.5 వోల్టుకంటె అధికమైన అంతరముండరాదనియు హెచ్చరిక మరియొకటి. కావున నేర్పరియైనవాడు మొదట మెమరీ, క్యూపిఐ గుణకములను క్రిందికి దించి, ఆధారము ఎంతవరకు పోవునో ఒంటరిగా పరీక్షించి, ఆ పిమ్మట కోర్ల హద్దును, కట్టకడపట మెమరీ హద్దును వెదకెడివాడు. 2009లో డి0 అను సవరింపు రూపము వచ్చిన తరువాత అదే వేగమునకు తక్కువ వోల్టేజి చాలినందున ఈ శ్రమ కొంత తేలికయయ్యెను. ఓవర్‌క్లాకింగు ఒక శాస్త్రాభ్యాసమువలె సాగిన కాలమిదియే యని నా తలంపు. నేడు ఒక్క సంఖ్య మార్చి సాధించు దానిని నాడు వేదిక యంతటి అంగవిన్యాసమును తెలిసికొని సాధింపవలసి వచ్చెను.

పదినెలలకు, 2009 సెప్టెంబరులో, సామాన్య వేదిక వచ్చినది. ఎల్‌జిఎ1156 సాకెట్టు, పి55 చిప్‌సెట్టు, 196 డాలర్ల కోర్ ఐ5-750, 920తో సమానముగా 284 డాలర్ల కోర్ ఐ7-860. మూడు ఛానెళ్లకు మారు రెండు. 130 వాట్ల ఉష్ణప్రమాణమునకు మారు 95. పిసిఐ ఎక్స్‌ప్రెస్ నియంత్రణము కూడ ప్రాసెసరులోనికే వచ్చిచేరుటచే క్యూపిఐతో వెలుపలి చిప్పు అక్కరలేకపోయినది; బోర్డు చిన్నదై, చవుకయైనది. ఎక్స్58 బోర్డు రెండువందల డాలర్లకు లోపుగా దొరకుట అరుదుగా నుండగా, పి55 బోర్డులు దానిలో సగము వెలకు సమీపమున ఆరంభమయ్యెను. వీటి టర్బో, అనగా తనంతట తాను వేగము పెంచుకొను గుణము, సైతము చురుకైనది. 2.66 గిగాహెర్ట్‌జుల 920 ఒక్క కోరుతో పనిచేయునపుడు 2.93కు మాత్రమే ఎగయగా, 2.8 గిగాహెర్ట్‌జుల 860 అట్టి సమయమున 3.46కు ఎగయుచుండెను. కొనినది కొనినట్లు వాడుకొను గృహస్థునకు, అధికవ్యయపు వేదికకంటె అల్పవ్యయపు వేదికయే వేగముగా కనబడెను.

మరి మూడవ ఛానెల్ ప్రయోజనమేమి? కొలతలలో మెమరీ ప్రవాహము పెరిగినట్లు స్పష్టముగా కనబడెడిది. ఆటలలోను, చిత్రముల కూర్పులోను, నిత్యకార్యములలోను ఆ పెరుగుదల దాదాపుగా మాయమయ్యెడిది. నాలుగు కోర్లును వానికాధారమైన 8 మెగాబైట్ల కాషును మెమరీని అంతగా అడుగనేలేదు. రెండు తూములనుండి వచ్చు నీరే చేనికి చాలియుండగా మూడవ తూము తెరచినందువలన పంట హెచ్చదు. వెలుపలి మార్గముల విషయమున మాత్రము భేదము వాస్తవము. 1156 ప్రాసెసరు ఇచ్చునవి 16 లేన్లు. రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టినచో అవి ఎనిమిదేసిగా చీలును. ఎక్స్58పై రెండు కార్డులకును పూర్తిగా పదునారేసి లభించును. రెండుకంటె ఎక్కువ కార్డులు పెట్టువానికి ఎక్స్58యే అనుకూలము.

ఓవర్‌క్లాకింగున రెండును గాలిశీతలకములతో 3.8 నుండి 4.0 గిగాహెర్ట్‌జుల ప్రాంతమునకు చేరినవి. అట్లయ్యు దారులు వేరు. 1156 ప్రాసెసరున పిసిఐ ఎక్స్‌ప్రెస్ మండలమును ఆ చిప్పుపైననే యుండుటచే, ఆధార గడియారము హెచ్చుకొలది నియంత్రణ మండలమునకు అధిక వోల్టేజి నీయవలసివచ్చెను. సాకెట్టు బిందువులు రెండువందలకు పైగా తక్కువ గనుక తీవ్రమైన ఓవర్‌క్లాకింగున ఒక్కొక్క బిందువుపై భారము పెరిగెడిది. ద్రవ నైట్రోజనుతో చేసిన పరీక్షలలో కొన్ని పి55 బోర్డుల సాకెట్టు బిందువులు కాలిపోయిన వార్తలు 2009 చివర వెలువడినవి. ఇంటి వాడుకలో అట్టి ప్రమాదము అరుదు. కాని అంచులవరకు పోదలచినవానికి ఎక్స్58 బలిష్ఠమైన వేదికయని అందరును ఒప్పుకొనిరి.

కాలక్రమమున తీర్పును మార్చినది మరియొక సంగతి. 2010 మార్చిలో ఆరు కోర్ల కోర్ ఐ7-980ఎక్స్ 32 నానోమీటరుల విధానమున, 12 మెగాబైట్ల కాషుతో, అదే 1366 సాకెట్టునకు వచ్చెను. పాత బోర్డులు అనేకము బయోస్ మార్పుతో దానిని స్వీకరించినవి. 1156కు నాలుగు కోర్లకు మించిన చిప్పు ఏనాడును రాలేదు. 2011 జనవరిలో ఆ సాకెట్టునకు కాలము చెల్లినది. తరువాతి సంవత్సరములలో సర్వరులనుండి తీసివేసిన ఆరుకోర్ల జియాన్ 5600 శ్రేణి చిప్పులు చవుకగా లభింపగా, ఎక్స్58 బోర్డు కలవారు వానిని తెచ్చి అమర్చుకొని, 4 గిగాహెర్ట్‌జులకు చేర్చి, ఆ బోర్డులను ఒక దశాబ్దము వరకు పనిచేయించిరి. నాడు అధికముగా చెల్లించిన మూల్యము దీర్ఘాయువు రూపమున తిరిగివచ్చిన ఘట్టము, ఔత్సాహిక వేదికల చరిత్రయందు ఇదొక్కటియే యనవచ్చును.

తాళము వేసిన గడియారము

2011 జనవరిలో శాండీబ్రిడ్జి ప్రాసెసర్లు ఎల్‌జిఎ1155 సాకెట్టుపై వచ్చుటతో ఓవర్‌క్లాకింగు స్వభావమే మారిపోయినది. గడియారమును పుట్టించు యంత్రాంగము చిప్‌సెట్టులోనికి చేరి, కోర్లకును, పిసిఐ ఎక్స్‌ప్రెసునకును, డిస్కుల సాటా మార్గములకును, యుఎస్‌బికిని ఒకే 100 మెగాహెర్ట్‌జుల ఆధారము నిచ్చెను. దానిని నూటికి ఐదు పాళ్లు కదలించిన పిమ్మట డిస్కులు తప్పులు చేయ నారంభించును. కావున గుణకమే శరణ్యము. గుణకము పూర్తిగా విడువబడినది 'కె' అక్షరము గల చిప్పులయందు మాత్రమే. ఐ5-2500 వెల 205 డాలర్లు, 2500కె వెల 216. ఈ పదునొకండు డాలర్లతో, అప్పటివరకు కొనువాని నేర్పరితనముపై ఆధారపడియున్న విద్య, విక్రేత యమ్ము వస్తువైనది. దానిని నిందించువారు కలరు. సెలెరాన్ 300ఏ నాటి స్వాతంత్ర్యము పోయినదన్న మాట సత్యము. అల్పమూల్యపు చిప్పును కొని అధికమూల్యపు చిప్పుగా మార్చుకొను దారి మూయబడినది. అయినను 2500కె మామూలు గాలిశీతలకముతో 4.5 గిగాహెర్ట్‌జులకు అలవోకగా చేరుట, అది 3.3 గిగాహెర్ట్‌జుల చిప్పగుట తలచుకొనినచో, కొనువానికి ఇంతటి లాభము మునుపు అరుదని ఒప్పుకొనక తప్పదు. సాటా మార్గములు కొన్ని కాలక్రమమున క్షీణించు దోషము చిప్‌సెట్టునందు బయటపడి, జనవరి నెలాఖరున ఇంటెల్ సరఫరా నిలిపి, 70 కోట్ల డాలర్ల వ్యయము నంచనావేసి బోర్డులను మార్పించుట సైతము ఆ ప్రాసెసర్ల యశస్సును తగ్గింపజాలలేదు.

ఔత్సాహిక వేదిక పదినెలలు ఆలస్యముగా, 2011 నవంబరులో, ఎల్‌జిఎ2011 సాకెట్టు, ఎక్స్79 చిప్‌సెట్టు రూపమున వచ్చెను. నాలుగు ఛానెళ్లు, 40 లేన్లు, ఆరు కోర్లు. దీని చిప్పు ఎనిమిది కోర్ల సర్వరు చిప్పే; అందు రెండు కోర్లు మూయబడినవి. ఆధార గడియారమును 100, 125, 166 అను మెట్లుగా మార్చు సౌకర్యము దీనికి ప్రత్యేకముగా నొసగబడినది. కాని ఆలస్యము ఇక ఆచారమైపోయెను. తరువాతి తరమైన ఐవీబ్రిడ్జి సామాన్య వేదికకు 2012 ఏప్రిలులో రాగా, ఔత్సాహిక వేదికకు 2013 సెప్టెంబరులో వచ్చెను; హాస్‌వెల్ 2013 జూనులో, 2014 ఆగస్టులో; స్కైలేక్ 2015 ఆగస్టులో, 2017 జూనులో. పెద్దచిప్పు మొదట సర్వరులకై పరీక్షింపబడవలెను గనుక ఈ వ్యవధి అనివార్యము. ఫలితముగా ఔత్సాహికుడు అధికధనము చెల్లించి ఎల్లపుడును ఒక తరము పాత కోరునే పొందుచుండెను. ఒక్క కోరు వేగముపై ఆధారపడు ఆటలలో 300 డాలర్ల చిప్పు 1000 డాలర్ల చిప్పును మించుట ఇందువలననే సంభవించినది.

ఔత్సాహిక వేదికకు ఈ నడుమ దక్కిన మేలు ఒకటి కలదు. ఐవీబ్రిడ్జితో మొదలిడి సామాన్య ప్రాసెసర్లలో చిప్పునకును పైనుండు లోహపు మూతకును నడుమ టంకమునకు బదులు పేస్టు వాడబడినది. వేడిమి బయటికి పోవు దారి ఇరుకై, ఓవర్‌క్లాకింగు చేయువారు మూతను ఊడదీసి, ద్రవలోహము పూసి, మరల మూయు సాహసమునకు పూనుకొనిరి. పెద్దచిప్పులకు 2016 వరకు టంకము నిలిచినది. 2014 నాటి 389 డాలర్ల ఐ7-5820కె, ఆరు కోర్లతో, టంకముతో, డిడిఆర్4 మెమరీతో, ఔత్సాహిక వేదికలన్నింటిలోను వెలకు తగిన విలువ గలదిగా నాకు తోచుచున్నది. దానికి 40 లేన్లకు మారు 28 మాత్రమే యిచ్చినను ఒకటి రెండు కార్డులవానికి అది లోపము కాదు. అనంతరము 2016లో పదికోర్ల ఐ7-6950ఎక్స్ 1723 డాలర్లకు వచ్చి, పోటీ లేనపుడు వెల యెంతవరకు పోవునో చూపినది.

2017 తరువాత

పోటీ 2017 మార్చి 2న వచ్చెను. ఏఎమ్‌డి రైజెన్ 7 1800ఎక్స్ ఎనిమిది కోర్లను 499 డాలర్లకు, సామాన్యమైన ఏఎమ్4 సాకెట్టుపై, గుణకము విడిచి యిచ్చినది; ఆ తొలి శ్రేణియందు అన్ని రైజెన్ చిప్పులకును, మధ్యశ్రేణి బి350 బోర్డులకును ఓవర్‌క్లాకింగు అనుమతి గలదు. ఆగస్టులో పదునారు కోర్ల థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్, 4094 బిందువుల విశాలమైన సాకెట్టుపై, నాలుగు ఛానెళ్లతో, 64 లేన్లతో 999 డాలర్లకు వచ్చెను. ఇంటెల్ ఎక్స్299 వేదికపై పదునెనిమిది కోర్ల వరకు పోయినదిగాని, టంకము విడిచి పేస్టుకు దిగుటయు, కోర్లను కలుపు వలయమార్గమును వదలి జాలమార్గమును చేపట్టుటచే కోర్లనడుమ జాప్యము పెరుగుటయు దానికి చేటు తెచ్చినవి. ఆ వేదికపైననే నాలుగు కోర్లు, రెండు ఛానెళ్లు గల ఐ7-7740ఎక్స్ కూడ అమ్మబడెను; దానిని పెట్టినచో ఖరీదైన బోర్డుపై సగము మెమరీ అరలు నిష్ప్రయోజనములు. వైశాల్యమునకై కట్టిన వేదికపై సామాన్యమైన చిప్పును కూర్చుండబెట్టిన ఈ యత్నము ఏడాది తిరుగకముందే ఉపసంహరింపబడినది.

2019 నవంబరు నాటికి తారతమ్యము తలక్రిందులైనది. పదునారు కోర్ల రైజెన్ 9 3950ఎక్స్ సామాన్యమైన ఏఎమ్4పై 749 డాలర్లకు లభించెను. ఇంటెల్ తన పదునెనిమిది కోర్ల ఐ9-10980ఎక్స్ఈ వెలను పూర్వపు దానిలో సగమునకు, 979 డాలర్లకు దించవలసివచ్చెను. అదే ఆ వంశమున కడపటిది. 2023లో ఇంటెల్ మరల విశాలమైన వేదికను తెచ్చినపుడు అది జియాన్ పేరుతో, డబ్ల్యూ790 చిప్‌సెట్టుతో, వృత్తినిపుణుల యంత్రముగా వచ్చెనేగాని ఔత్సాహికుని యంత్రముగా రాలేదు.

ఈలోపల ఓవర్‌క్లాకింగు మూలధనమే హరించుకుపోయినది. టర్బో విధానములు ప్రతిక్షణము ఉష్ణమును, విద్యుత్తును కొలిచి, ఒకనాడు ఔత్సాహికుని కొరకు మిగిలిన అవకాశమును తామే వాడుకొనసాగెను. 2023 నాటి ఐ9-13900కెఎస్ కర్మాగారమునుండియే 6.0 గిగాహెర్ట్‌జులకు, మరుసటి యేటి 14900కెఎస్ 6.2కు ఎగయునట్లు అమ్మబడినవి. హద్దులకు ఇంత సమీపమున నడుపుట ప్రమాదరహితము కాదని 2024లో రుజువైనది: ఇంటెల్ 13, 14 తరముల ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి కారణమున క్రమముగా క్షీణించి, స్థిరత్వము కోల్పోగా, సంస్థ మైక్రోకోడు సవరణలను విడుదల చేసి, హామీకాలమును రెండేండ్లు పొడిగించెను. మూడవ కాష్ పొరను చిప్పుపై పేర్చిన రైజెన్ 7 5800ఎక్స్3డిలో గుణకమునకు తాళమే వేయబడినది. అయినను ఆటలయందు అది ఓవర్‌క్లాకింగు చేసిన చిప్పులనేకము మించినది. నేటి నిపుణుడు వేగమును పెంచుటకంటె అదే వేగమునకు వోల్టేజిని తగ్గించుటయందును, మెమరీ సమయపాలనమును సవరించుటయందును ఎక్కువ ఫలము పొందుచున్నాడు. మన వేసవులకు ఈ విద్యయే మిక్కిలి తగినది.

వైశాల్యము కావలసినవారు ఎవరు? ఆటలవారికి ఒకప్పుడు అది కావలసెను. రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులను జతపరచు పద్ధతి నడచినన్నాళ్లు లేన్ల లెక్క వారికి ముఖ్యము. 2020లో ఎన్‌విడియా ఆటలకార్డుల శ్రేణిలో ఆ జతసంధానము 3090 కార్డునకు మాత్రమే మిగిలి, తరువాతి తరమున పూర్తిగా పోయినది. దానితోనే ఆటలవానికి విశాలమైన వేదికతో గల ప్రధాన సంబంధము తెగినది. ఒక పనిలో కొంతభాగము వరుసగానే జరుగవలసియున్నపుడు, కోర్లెన్ని పెంచినను ఆ భాగము కుంచించుకొనదని 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపెను. పనిలో నూటికి పదిపాళ్లు అట్టిదైనచో, కోర్లు లెక్కకు మిక్కిలి పెట్టినను వేగము పదింతలను దాటదు. చలనచిత్ర దృశ్యముల గణనము, పెద్ద ప్రోగ్రాముల సంకలనము, ఒకే యంత్రమున పలు వర్చువల్ యంత్రములు నడుపుట మొదలగునవి వరుసభాగము స్వల్పముగా గల పనులు. వానికి 2023 నాటి 64 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 7980ఎక్స్ వంటిది, 4999 డాలర్ల వెలకు సైతము, కాలమును మిగిల్చి ఋణము తీర్చును. ఇటీవల కృత్రిమ మేధ నమూనాలకు ఇంటనే శిక్షణ నిచ్చువారును ఈ వరుసలో చేరిరి. వారి లెక్క కోర్లది కాదు, లేన్లది. ఏఎమ్5 సామాన్య వేదికపై ప్రాసెసరునుండి వాడుకకు వచ్చు లేన్లు 24. ఒక కార్డునకు 16 పోగా మిగిలినవి ఎనిమిది. థ్రెడ్‌రిప్పర్ 7000 ఇచ్చు 48 ఐదవతరపు లేన్లపై మూడు కార్డులు పూర్తి వెడల్పున నిలుచును. నాలుగవది కావలసినచో 128 లేన్లును, ఎనిమిది మెమరీ ఛానెళ్లును గల ప్రో శ్రేణికి పోవలెను.